ఆంప్ ముందు ఏ మైక్ పెట్టాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కావలి. నాకు 24 ఏళ్లు. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను, ఇంట్లో రాక్ వాయిస్తాను. 40 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ ఉంది, అందులో 12 అంగుళాల స్పీకర్. సౌండ్ బాగా పెట్టి వాయిస్తే గదిలో అద్భుతంగా ఉంటుంది. రికార్డ్ చేసి వింటే మాత్రం రేకు మీద గులకరాళ్లు పోసినట్టు ఉంటుంది. ఇప్పుడున్నది యూఎస్‌బీ కండెన్సర్ మైక్, వీడియోల కోసం కొన్నది. 30 వేలు దాచుకున్నాను. మొత్తం పెట్టి పెద్ద స్టూడియో కండెన్సర్ మైక్ కొందామని ఉంది. మా ఫ్రెండ్ మామూలు డైనమిక్ మైక్ చాలంటున్నాడు. అది చర్చిలో పాటలకు వాడే మైక్ లాంటిదే కదా, దాంతో స్టూడియో క్వాలిటీ వస్తుందా? పైగా సౌండ్ తగ్గించమని అమ్మతో రోజూ గొడవే. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, కావలి

జవాబు:

నన్ను అన్నా అన్నావు కాబట్టి నేనూ తమ్ముడూ అనే రాస్తాను. ముందు జవాబు చెప్పేస్తాను: ఆ 30 వేలూ ఒక్క మైక్ మీద పోయొద్దు. మీ ఫ్రెండ్ సరిగ్గా చెప్పాడు. డైనమిక్ మైక్ ఒకటి, దాన్ని కంప్యూటర్‌కి కలపడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, గట్టి స్టాండ్, మంచి కేబుల్. ఈ నాలుగూ నీ డబ్బులోనే వస్తాయి. నువ్వనుకున్న పెద్ద కండెన్సర్ కొంటే మైక్ ఒక్కటే చేతికొస్తుంది, దాన్ని గుచ్చడానికి ఇంట్లో ఏమీ ఉండదు. ఇప్పుడున్న యూఎస్‌బీ మైక్ నేరుగా కంప్యూటర్‌కి వెళ్తుంది గానీ, స్టూడియో మైకులు అలా వెళ్లవు.

ఏం కొనాలో చెప్పేశాను గానీ, నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట వేరే ఉంది. ‘గదిలో అద్భుతంగా ఉంటుంది’ అని రాశావు. గదిలో నువ్వు ఎక్కడ నిలబడి వింటున్నావు? ఆంప్ నేల మీద ఉంటుంది, నువ్వు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి ఉంటావు. స్పీకర్ నీ మోకాళ్లకేసి చూస్తుంటుంది. నీ చెవికి వచ్చేది స్పీకర్ పక్కనుంచి, గోడలకు తగిలి, మెత్తబడిన శబ్దం. మైక్‌ని మాత్రం తీసుకెళ్లి స్పీకర్ మూతి దగ్గర పెట్టావు. అక్కడి శబ్దం నువ్వు ఇంతవరకూ ఒక్కసారి కూడా విని ఉండవు. ఈ రోజే వాల్యూమ్ బాగా తగ్గించి, మాట్లాడుకునేంత సౌండ్‌లో పెట్టి, ఎవరినైనా తీగలు మీటమని, స్పీకర్ ఎదురుగా వంగి చెవి పెట్టి విను. వాల్యూమ్ పెంచి మాత్రం ఈ పని చేయొద్దు, చెవులు పోతాయి. తగ్గించి విన్నా నీకు అర్థమైపోతుంది. ఆ రేకు మోత అక్కడ ముందునుంచీ ఉంది, మైక్ దాన్ని ఉన్నదున్నట్టు పట్టింది.

అలాగని నీ మైక్‌లో తప్పే లేదని కాదు. అది నిజంగానే మోతకు తట్టుకోలేకపోతోందేమో ముందు తేల్చుకోవాలి. గిటార్ ఆంపుల్లో వాడే 12 అంగుళాల స్పీకర్లు చాలా గట్టివి. వాటికి 1 వాట్ ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తేనే 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా వస్తుంది. నీది 40 వాట్ల ఆంప్, మైక్ ఉన్నది అంగుళం దూరంలో. అంటే 120 డెసిబెల్స్ దాటడం పెద్ద విషయం కాదు. యూఎస్‌బీ మైకులు ఎక్కువగా మాట కోసం తయారైనవి. వాటి లోపలే చిన్న ఆంప్లిఫయరూ, శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్పూ ఉంటాయి. మోత ఎక్కువైతే శబ్దం అక్కడే తెగిపోతుంది. చాలా మైకుల్లో కంప్యూటర్‌లో స్లైడర్ తగ్గించినా లాభం ఉండదు, అప్పటికే తెగిపోయినదాన్ని చిన్నది చేసి చూపిస్తుందంతే. అన్నం మాడిపోయాక మంట తగ్గించడం లాంటిది.

దీన్ని ఎలా కనిపెట్టాలో చెబుతాను, ఇది చాలామంది తప్పు చేసే చోటు. డిస్టార్షన్, అంటే రాక్‌లో వినిపించే ఆ గరగర, పెట్టి వాయించిన గిటార్ అలలు స్క్రీన్ మీద ఎలాగూ తలలు నున్నగా చెక్కినట్టే కనిపిస్తాయి. డిస్టార్షన్ అంటేనే అది కదా. వాటిని చూసి మైక్ తెగిపోయిందని తీర్మానించకూడదు. అందుకే ఆంప్‌ని క్లీన్ ఛానెల్‌లో పెట్టు. గరగర పెంచే గెయిన్ నాబ్ తక్కువ, మొత్తం సౌండ్ పెంచే మాస్టర్ నాబ్ నువ్వు రోజూ పెట్టేంత. ఒక్క తీగను గట్టిగా మీటి రికార్డ్ చెయ్యి. గదిలో శుభ్రంగా వినిపించి, రికార్డింగ్‌లో పరపరమంటే మైక్ ఓడిపోయినట్టు. రెండు చోట్లా శుభ్రంగా ఉంటే తప్పు మైక్‌ది కాదు, అది ఉన్న చోటుది. నీ విషయంలో రెండూ కలిసి ఉంటాయని నా అనుమానం.

ఇక చర్చిలో వాడే మైక్ లాంటిదే కదా అన్న నీ సందేహం. ఆ చిన్నచూపు వద్దు. ఆంప్ ముందు పెట్టే మైక్ అనగానే ప్రపంచమంతా మొదట చెప్పే పేరు షూర్ ఎస్‌ఎం57. అది 1965లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1966లో, పాటగాళ్ల కోసం ఎస్‌ఎం58 వచ్చింది. గుండ్రటి జాలీ తల ఉండే ఆ మైక్‌ని నువ్వు చర్చిలో చూసే ఉంటావు, అచ్చు అదే కాకపోతే దాన్ని చూసి చేసినదైనా. ఈ రెండింటి లోపలా ఒకే కుటుంబానికి చెందిన క్యాప్సూల్, అంటే శబ్దాన్ని పట్టే భాగం, ఉంటుంది. పెద్ద తేడా పైనున్న జాలీలోనే. పాటగాడి ఊపిరి తగలకుండా 58కి బంతిలాంటి తల పెట్టారు, వాద్యాలకు దగ్గరగా జరిపేందుకు 57కి చిన్న మూత పెట్టారు. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్ అని అర్థం. స్టూడియో క్వాలిటీ వస్తుందా అని నువ్వు అడిగిన మైక్ పేరులోనే స్టూడియో ఉంది.

డైనమిక్ మైక్ మోతకు ఎందుకు తట్టుకుంటుందంటే, దాని లోపల తెగిపోవడానికి ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ఒక పలచని పొర, దానికి అతికించిన సన్నని తీగచుట్ట, దాని చుట్టూ అయస్కాంతం. శబ్దానికి పొర ఊగుతుంది, చుట్ట అయస్కాంతంలో కదులుతుంది, కరెంటు పుడుతుంది. స్పీకర్‌ని తిరగేసి వాడితే ఎలా ఉంటుందో అలాగే అనుకో. ఇళ్లలో పెట్టే ఆంపులు ఎంత మోత మోగినా దానికి లెక్క కాదు.

కండెన్సర్లన్నీ మోతకు ఓడిపోతాయని కూడా అనుకోవద్దు. ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే మామూలు ధర మైక్ 144 డెసిబెల్స్ వరకు ఓర్చుకుంటుంది. అయినా నీకు వద్దనే అంటున్నాను, కారణం వేరు. కండెన్సర్ మైక్ చెవి చాలా చురుకు. పక్క వీధిలో బండి హారన్, పైన తిరిగే ఫ్యాన్, వంటింట్లో కుక్కర్ విజిల్, గోడకు కొట్టి వచ్చే ప్రతిధ్వని, అన్నీ పట్టుకుంటుంది. గదిని బాగుచేసుకున్నవాడికి అది వరం. టైల్స్ నేల, నున్నటి గోడలు, పైన స్లాబు ఉన్న మన ఇళ్లలో గిటార్ కంటే గదినే ఎక్కువ వినిపిస్తుంది. ఇంకొక విషయం, కండెన్సర్ 20,000 హెర్ట్జ్, అంటే చాలా సన్నని పై స్వరాల దాకా పడుతుందని దానికి ఎక్కువ డబ్బు ఇస్తాం. గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక పడిపోవడం మొదలుపెడుతుంది. ఎస్‌ఎం57 40 నుంచి 15,000 దాకా పడుతుంది. గిటార్ అట్టడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. లెక్క నువ్వే వేసుకో, స్పీకర్‌లో లేనిదాన్ని పట్టడానికి డబ్బు ఎందుకు?

పలచని లోహపు రేకుతో పనిచేసే రిబ్బన్ మైకుల గురించి కూడా ఎక్కడో ఒకచోట చదివే ఉంటావు. రాయర్ ఆర్-121 లాంటివి గిటార్ ఆంప్ ముందు పట్టుతేనెలా వినిపిస్తాయి, నిజమే. ధర నీ బడ్జెట్‌కి చాలా దూరం, లోపలి రేకు సున్నితం, ముందూ వెనుకా రెండువైపులా వింటుంది కాబట్టి గది కూడా బాగుండాలి. ఇప్పుడు ఆ ఆలోచన పక్కన పెట్టు.

57 కాకుండా ఇంకొకటి చెప్పమంటే సెన్‌హైజర్ ఈ609 చెబుతాను. బల్లపరుపుగా ఉంటుంది, పక్కవైపు నుంచి వింటుంది. స్టాండ్ లేకపోతే ఆంప్ పైనుంచి కేబుల్‌తో కిందికి వేలాడదీస్తారు. వేదిక మీద అది సుఖం. ఇంట్లో మాత్రం వేలాడే మైక్ వేలెడు జరిగినా శబ్దం మారిపోతుంది, అందుకే నేను స్టాండ్ మీదే పెట్టమంటాను.

డబ్బు ఎలా పంచుకోవాలో లెక్క చెబుతాను. ధరలు ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండవు గనుక వాటాలుగా అనుకో. మూడో వంతు మైక్‌కి. మూడో వంతుకు కొంచెం పైన ఇంటర్‌ఫేస్‌కి. ఒక మైక్ ఇన్‌పుట్ ఉన్న చిన్నది చాలు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటిది. మిగిలింది స్టాండ్‌కీ కేబుల్‌కీ. డైనమిక్ మైక్ సిగ్నల్ తక్కువ, మధ్యలో ఇంకో బూస్టర్ పెట్టుకోవాలి అని కొందరు భయపెడతారు. మెల్లగా మాట్లాడే గొంతు రికార్డ్ చేసేవాళ్లకు ఆ అవసరం రావచ్చు. నువ్వు పెట్టేది ఆంప్ ముందు, అక్కడ సిగ్నల్ సరిపోయి మిగులుతుంది. ఆ ఖర్చు పెట్టుకోవద్దు.

కేబుల్ విషయంలో మన దగ్గర ఒక చిక్కుంది. సౌండ్ సామాన్ల షాపుకెళ్లి మైక్ కేబుల్ ఇవ్వమంటే చాలాసార్లు ఒక కొసకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో కొసకు గిటార్ కేబుల్‌కి ఉండేలాంటి లావు ఒంటి పిన్ను, పి-38 జాక్ ఉన్నది చేతిలో పెడతారు. మైక్‌సెట్ ఆంప్లిఫయర్లకు, కరావోకే డబ్బాలకు అదే వాడతారు. నీకు అది పనికిరాదు. రెండు కొసలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్నదే అడుగు. పి-38ని ఇంటర్‌ఫేస్‌లో గిటార్ రంధ్రంలో గుచ్చితే శబ్దం వస్తుంది, కానీ పీలగా, గుర్రుమంటూ వస్తుంది. తప్పు మైక్‌దనుకుని జనం కొత్త మైక్ కొనేస్తారు. ఇంటర్‌ఫేస్ మీద 48వీ అని ఒక మీట ఉంటుంది, అది కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ల కోసం. 57కి అవసరం లేదు, పొరపాటున వేసినా సరైన కేబుల్ ఉంటే ఏమీ కాదు.

కొనేచోట జాగ్రత్త. ఎస్‌ఎం57కి నకిలీలు విపరీతం. నేను కొన్నేళ్ల కింద ఆన్‌లైన్‌లో సగం ధరకు వస్తోందని ఒకటి తెప్పించాను. డబ్బా, సంచి, స్టిక్కర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది, తేలికగా ఉంది. అసలుది 284 గ్రాములు. కూరగాయల తూకం మీద పెట్టి చూస్తే తేడా తెలిసిపోయింది. ఆంప్ ముందు పెడితే పైస్థాయి అంతా గాజు పెంకుల్లా గుచ్చుకుంది. డబ్బు వెనక్కి రాలేదు. అందుకే అధీకృత డీలర్ దగ్గరే, బిల్లుతో, వారంటీ కార్డుతో తీసుకో. కావలి నుంచి పొద్దున్నే రైలెక్కితే మద్రాసు వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, మన జిల్లా వాళ్లకు అది అలవాటైన దారే. అన్నా సాలై మీద మ్యూజీ మ్యూజికల్ 1842 నుంచి వాయిద్యాలు అమ్ముతోంది. అలాంటి చోట వస్తువు చేత్తో పట్టుకుని, అడిగి తెలుసుకుని తెచ్చుకోవచ్చు.

అయితే అసలు కొనేముందే ఒక పని చెయ్యి. మీ చర్చిలో పాటలకు వాడే మైక్‌ని పాస్టర్ గారిని అడిగి ఒక్క సాయంత్రం తెచ్చుకో. ఆయన కాదంటే మీ ఊళ్లో పెళ్లిళ్లకు, తిరునాళ్లకు మైక్‌సెట్ కట్టే వాళ్లను అడుగు. వాళ్ల దగ్గర అహూజా డైనమిక్ మైకులు డజన్లకొద్దీ ఉంటాయి. ఇంటర్‌ఫేస్ ఉన్న స్నేహితుడు ఒకడు దొరికితే చాలు. ఆ మైక్ జాలీ తల మాత్రం విప్పొద్దు, అది నీది కాదు, లోపలి పొర బయటపడితే దెబ్బతింటుంది. అలాగే పెట్టి రికార్డ్ చెయ్యి. నువ్వు తక్కువగా చూసిన ఆ మైక్ ఏం చేయగలదో నీ చెవులతో నువ్వే వింటావు.

ఇప్పుడు మైక్ పెట్టే పద్ధతి. నిజంగా చెప్పాలంటే ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

ముందు స్పీకర్ ఎక్కడుందో చూసుకో. ఆంప్ ముందు గుడ్డ ఉంటుంది కాబట్టి లోపల కోన్ మధ్య ఎక్కడో సరిగ్గా తెలియదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్ గుడ్డకు ఆనించి వెలిగిస్తే కోన్ అంచూ, మధ్యలో బొడిపెలాంటి గుండ్రటి మూతా కనిపిస్తాయి. ఆ మూత నడిమధ్యకు ఎదురుగా గుడ్డ మీద చిన్న టేప్ ముక్క అంటించు. అదే నీ మొదటి గుర్తు. మైక్‌ని ఆ టేప్‌కి ఎదురుగా, గుడ్డకు అంగుళం దూరంలో, దాని మూతి తిన్నగా టేప్‌కేసి ఉండేలా పెట్టి ఒక పది సెకన్లు వాయించి రికార్డ్ చెయ్యి.

తర్వాత మైక్‌ని అదే దూరంలో ఉంచి, ఒక్క వేలి వెడల్పు అంచువైపు జరుపు. అదే ముక్క మళ్లీ వాయించు. మళ్లీ ఒక వేలు. ఇలా నాలుగైదు సార్లు. కూర్చుని వరసగా విను. మూత మధ్యలో పెట్టినప్పుడు దోమ చెవిలో దూరినట్టు గీపెడుతుంది. ఒక వేలు జరిగేసరికి ఆ గీ తగ్గుతుంది, తీగ మీద పిక్ తగిలిన చప్పుడు మాత్రం స్పష్టంగా ఉంటుంది. రెండు వేళ్లకు ఒళ్లు వస్తుంది. మూడు, నాలుగుకి దుప్పటి కప్పినట్టు మొద్దుబారుతుంది. ఆంప్ మీద ట్రెబుల్, బాస్ నాబులు ఎన్ని తిప్పినా రాని తేడా ఒక్క వేలి వెడల్పుతో వస్తుంది. మొదటిసారి ఈ తేడా విన్న రోజు నేను భోజనానికి కూడా లేవకుండా మధ్యాహ్నమంతా మైక్ జరుపుతూనే కూర్చున్నాను.

దూరం కూడా ఒక నాబ్ లాంటిదే. ఇలాంటి మైక్‌ని స్పీకర్‌కి దగ్గర చేసేకొద్దీ బాస్ ఉబ్బుతుంది. అంగుళం నుంచి నాలుగు అంగుళాలకు జరిపితే ఆ ఉబ్బు తగ్గి, గది కొంచెం వినిపిస్తుంది. నీ గది ఎలా ఉందో దాన్నిబట్టి అది మేలో కీడో తేలుతుంది. నడి గదిలో నిలబడి ఒక్క చప్పట్ కొట్టి చూడు. చప్పుడు అక్కడే ఆగితే పర్లేదు. టిర్‌ర్‌ర్ అని రెండు గోడల మధ్య పరుగెడితే మైక్‌ని దగ్గరే ఉంచు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే పని పెట్టుకోవద్దు, వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. ఆంప్ వెనకా, ఎదురుగా బరువైన దూది పరుపులు నిలబెట్టు. బట్టల బీరువా తలుపులు తీసిపెట్టు, అమ్మ చీరలే చాలా శబ్దాన్ని మింగుతాయి. ఆంప్‌ని నేల మీద కాకుండా గట్టి చెక్క బల్ల మీదికి ఎత్తు, ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అదే మోగుతుంది.

మోగే వస్తువుల గురించి ఒక అనుభవం చెప్పాలి. ఒకసారి రికార్డింగ్‌లో సన్నని జుయ్ జుయ్ వస్తోంది. స్పీకర్ పోయిందనుకున్నాను, కేబుల్ మార్చాను, తీగలు మార్చాను. ఏ తీగ మీటినా రాదు, ఐదో తీగ ఒట్టిగా మీటితే మాత్రం వస్తుంది, అంటే 110 హెర్ట్జ్. గదంతా చెవి ఆనించి తిరిగితే బీరువా తాళం చెవి. తలుపుకే వేలాడుతూ, ఆ ఒక్క స్వరానికి మాత్రమే రేకు మీద తాళం వేస్తోంది. చెవి తీసి జేబులో వేసుకున్నాను, జుయ్ పోయింది. నువ్వు కూడా కిటికీ అద్దాలు, స్టీలు గ్లాసులు, గోడ గడియారం ఒకసారి చూసుకో. రికార్డ్ చేసేంతసేపు ఫ్యాన్ కట్టెయ్యి. రోహిణి కార్తెలో ఈ మాట చెప్పడం కష్టమే, అందుకే నాలుగు నిమిషాలు వాయించు, పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చో.

ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (అక్కడ అది రికార్డయ్యే సౌండ్ మట్టం) పెట్టేటప్పుడు నువ్వు పాటలో ఎంత గట్టిగా వాయిస్తావో అంత గట్టిగా వాయిస్తూ పెట్టు. మీటర్ ఎత్తులు -12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ అని ఎంచుకుని రికార్డ్ చేస్తే దానికి ఏ నష్టమూ లేదు. ఎర్రగీత దాకా నింపాలన్నది టేపుల కాలం అలవాటు.

ఇక మోత గురించి, అంటే అమ్మ గురించి. నీది ట్రాన్సిస్టర్ ఆంప్. పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వులున్న ఆంపుల్లో వాల్యూమ్ పెంచితే పవర్ వాల్వులు కూడా నలిగి ఆ నలుగుడులోంచి ఒక రుచి పుడుతుంది. అందుకే వాటిని పెద్దగా పెట్టి వాయిస్తారు. నీ ఆంప్‌లో డిస్టార్షన్ ముందు దశలోనే, గెయిన్ నాబ్ దగ్గరే తయారైపోతుంది. మాస్టర్ పెంచితే అదే శబ్దం పెద్దదవుతుంది, కొత్తది పుట్టదు. మరి పెద్దగా పెడితేనే బాగుందనిపిస్తోంది కదా అంటావు. అది ఆంప్ గొప్ప కాదు, మన చెవి తీరు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మనిషి చెవికి అడుగు స్వరాలు, బాగా పై స్వరాలు తక్కువగా వినిపిస్తాయి, పెరిగేకొద్దీ అవి నిండుగా వస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. నువ్వు పెద్ద మోతలో వాయించి, హెడ్‌ఫోన్లో చిన్నగా విని, పీలగా ఉందని బాధపడుతున్నావు. మైక్‌కి ఆ భ్రమ లేదు. మాస్టర్‌ని బాగా తగ్గించి, మైక్ దగ్గరగా పెట్టి రికార్డ్ చేసి, తర్వాత పెద్దగా పెట్టుకుని విను. స్పీకర్ కాస్త ఊగేంత సౌండ్ ఉంటే చాలు. 40 వాట్లలో సగం తగ్గించినా తగ్గేది 3 డెసిబెల్సే, కాబట్టి నువ్వు భయపడేదానికంటే చాలా ఎక్కువే తగ్గించవచ్చు.

అమ్మ మాటలో న్యాయం ఉంది. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 దాకా. పక్కింట్లో ఇంటర్ పరీక్షలకు చదివే పిల్ల ఉంటే నియమాల పుస్తకం తీయాల్సిన పని కూడా లేదు. నీ చెవుల సంగతి అంతకంటే ముఖ్యం. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్‌కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. రాత్రి పడుకున్నాక చెవిలో కూ అని మోగుతోందా? మోగుతుంటే రేపటి నుంచే తగ్గించు. పోయిన వినికిడి తిరిగి రాదు, వాయించేవాడికి దానికంటే నష్టం లేదు.

రికార్డింగ్ కోసం గెయిన్ కూడా నువ్వు రోజూ పెట్టే దానికంటే తగ్గించు. గదిలో బలంగా అనిపించే గెయిన్ రికార్డింగ్‌లో పిండిపిండి అయిపోతుంది, నీ గులకరాళ్లలో సగం అవే. లావుగా రావాలంటే అదే ముక్కను రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వెయ్యి. కాపీ చేసి అతికిస్తే రాదు, నిజంగా రెండోసారి వాయించాలి. ఆ రెండింటి మధ్య ఉండే వెంట్రుకవాసి తేడాల్లోనే ఆ వెడల్పు ఉంది.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. గుర్రుమనే హమ్ వస్తుంటే ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, రెండు పిన్నుల అడాప్టర్‌తో ఆంప్ పెట్టడం మన దగ్గర చాలామంది చేస్తారు. నువ్వు చేయొద్దు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌లో లోపం వస్తే, ఒక చెయ్యి తీగల మీద, ఇంకో చెయ్యి మైక్ మీద పడగానే కరెంటు నీలోంచి పోతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ గదిలో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించు. ఆంప్, ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్ ఛార్జర్ ఒకే బోర్డులో పెట్టు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డ్ చేయకు, పాత రకం ఇన్వర్టర్లు జర్రుమని తీగల్లోకి దిగుతాయి. సింగిల్ కాయిల్ పికప్ (తీగల ఊపును పట్టే ఒంటి తీగచుట్ట) ఉన్న గిటారైతే, హమ్ తగ్గే దిక్కు చూసుకుని అటు తిరిగి కూర్చో.

మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ. పని అయ్యాక మైక్‌ని సంచిలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి బీరువాలో పెట్టు. అలా చూసుకుంటే 57 ఏళ్లతరబడి పనిచేస్తుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని మైక్ అడుగు. క్లీన్‌లో ఒకటి, డిస్టార్షన్‌లో ఐదు, వేలు వేలు జరుపుతూ, ఒక్కోటి పది సెకన్లు రికార్డ్ చేసి పంపు. ఫైల్ పేరులోనే మూత మధ్యా, ఒక వేలా, రెండు వేళ్లా అని రాయి. ఆంప్ నాబులన్నీ కనిపించేలా ఫోటో కూడా ఒకటి పెట్టు. విని, ఎక్కడ ఆపాలో చెబుతాను.